‘సెరెండిపిటీ’ - ఒక పదార్థ విచారము

ఆంగ్లభాషలో అదృష్టమును సూచించు పదములు పెక్కు గలవు. ‘లక్’ అనునది పదునైదవ శతాబ్దమున డచ్చి, దిగువ జర్మను భాషల నుండి వచ్చి చేరినది. జూదరుల మాటగా వచ్చియుండునని పదచరిత్ర నెరిగినవారి ఊహ. ‘చాన్స్’కు మూలమైన లాటిను ధాతువునకు పడుట అని అర్థము, పాచిక పడిన తీరు ఆ మాటలో నేటికిని కనబడుచునే యున్నది. ‘ఫార్చ్యూన్’ రోమనులు కొలిచిన భాగ్యదేవత పేరు. ప్రాచీన నార్సు భాష నుండి వచ్చిన ‘హ్యాప్’ అను చిన్న మాట, సంతోషమును తెలుపు ‘హ్యాపీ’కిని, జరుగుటను తెలుపు ‘హ్యాపెన్’కును కూడ పుట్టినిల్లు. ఈ మాటలలో దేనిని ఎవరు ఏనాడు మొదట పలికినారో చెప్పుటకు వీలులేదు. అవి జనుల నోట పుట్టి, జనుల నోటనే పెరిగినవి.

ఈ కుటుంబములో ఒక్క పదమునకు మాత్రము జన్మపత్రిక ఉన్నది. అది ‘సెరెండిపిటీ’. పుట్టిన దినము 1754 జనవరి 28. పుట్టిన చోటు ఒక లేఖ. పేరు మాత్రము భారతదేశమునకు దక్షిణమున నున్న ద్వీపము నుండి తెచ్చుకొన్నది. వెదకనిది దొరకుట అని నిఘంటువులు దీనికి అర్థము చెప్పును. తెలుగులో దీనిని ‘అదృష్టము’ అనియో, ‘అదృష్టవశమున దొరకుట’ అనియో అనువదించుట పరిపాటి. ఈ అనువాదము సరియా, కాదా అను ప్రశ్న నిఘంటుకారులకు మాత్రమే సంబంధించిన చిన్న విషయముగా తోచవచ్చును. కాని దాని వెనుక పెద్ద ప్రశ్న ఒకటి ఉన్నది. వెదకని వస్తువు ఒకనికి దొరికినప్పుడు, అందులో దైవము పాలు ఎంత? ఆ మనుష్యుని చూపు పాలు ఎంత? ఏ మాటను ఎన్నుకొన్నచో ఎవరి పాలు ఎవరికి పోవును?

ఆ లేఖను వ్రాసినవాడు హోరేస్ వాల్పోల్. ఇంగ్లండు ప్రధానమంత్రిగా ఉండిన రాబర్ట్ వాల్పోలునకు కుమారుడు. తరువాత 1764లో ‘కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ అను భయానక నవలను ప్రకటించినవాడు. ఫ్లారెన్సులో ఆంగ్లప్రభుత్వ ప్రతినిధిగా ఉండిన హోరేస్ మన్ అను మిత్రుడు ఆయనకు బియాంకా కపెల్లో అను టస్కనీ రాణి చిత్రమును పంపినాడు. వాల్పోలు వెనిసు నగరపు కుటుంబముల చిహ్నములను తెలుపు పాత పుస్తకమొకటి తిరగవేయుచుండగా, కపెల్లో వంశమునకు మెడీచీ వంశముతో కలిగిన సంబంధమును తెలుపు గుర్తు ఆయనకు కనబడినది. ఆ సంతోషమును మిత్రునకు తెలుపుచు, ఇట్టిదానికి తాను ఒక పేరు పెట్టితిననియు, ఆ పేరు తాను చదివిన ‘సెరెండిప్ రాకుమారులు ముగ్గురు’ అను కథ నుండి తీసికొంటిననియు చెప్పినాడు. ఆ రాకుమారులు ప్రయాణము చేయుచు, తాము వెదకని సంగతులను ఆకస్మికముగాను, సూక్ష్మబుద్ధిచేతను కనుగొనుచుందురని ఆయన వివరణము.

ఈ వివరణములో మూడంగములు గలవు. ఒకటి, ఆకస్మికత. రెండు, సూక్ష్మబుద్ధి. మూడు, దొరికినది వెదకినది కాకుండుట. వెదకుచున్న వస్తువు దొరకినచో అది ఈ మాటకు లోబడదని వాల్పోలు స్పష్టముగా హెచ్చరించినాడు. తన చిత్రపు సంగతిని కూడ దాదాపుగా ఆ జాతికి చెందినదనియే అన్నాడు గాని, పూర్తిగా ఆ జాతిదని అనలేదు. లేఖ వినోదముగా వ్రాసినదే అయినను, లక్షణము చెప్పుటలో మాత్రము ఆయన ఏమరుపాటు చూపలేదు.

లక్షణమునకు లక్ష్యము కూడ ఆయనయే చూపినాడు. షాఫ్ట్స్‌బరీ ప్రభువు ఒకనాడు చాన్సలరు క్లారెండన్ ఇంట విందునకు పోయినాడు. అక్కడ క్లారెండన్ భార్య తన కూతురు ఆన్ హైడును భోజనపు బల్ల వద్ద మిక్కిలి గౌరవముతో ఆదరించుచుండుట ఆయన కంటబడినది. తల్లి కూతురికి అంత మర్యాద చేయుట ఏల? ఆ పిల్ల రాజు సోదరుడైన యార్కు ప్రభువును రహస్యముగా వివాహమాడినదని ఆయన గ్రహించినాడు. షాఫ్ట్స్‌బరీ వెదకుచు పోయినది ఏమియు లేదు; పోయినది విందునకు. తల్లి మర్యాదను ఆ బల్ల చుట్టు కూర్చున్నవారు చూడగలిగియే యుందురు. దానిని చదివినవాడు ఆయన.

కథను గూర్చి వాల్పోలు చెప్పిన ఉదాహరణము ఇంకను చిన్నది. కుడికన్ను లేని కంచరగాడిద ఒకటి ఆ దారిన పోయినదని రాకుమారులలో ఒకడు కనిపెట్టినాడట. ఎడమవైపు గడ్డి నాసిరకమైనను, ఆ వైపుననే మేసిన జాడలున్నవి గనుక. మూలకథలో ఉన్నది కంచరగాడిద కాదు, ఒంటె. వాల్పోలు జ్ఞాపకముపై ఆధారపడి వ్రాసినాడు. కథను వట్టి పిల్లకథ యని తేలికగా కూడ మాటాడినాడు. అది పిల్లకథయే యగునా అనునది మూలకథను చూచిన గాని తెలియదు.

సెరెండిప్ రాజు జాఫరు. ఆయనకు ముగ్గురు కుమారులు. వారికి సకల విద్యలు నేర్పించి, పుస్తకములు చెప్పనిది ప్రపంచము చెప్పునని తలచి, దేశాంతరము పంపినాడు. వారు బహ్రాము చక్రవర్తి రాజ్యమున నడచుచుండగా ఒంటెను పోగొట్టుకొన్నవాడొకడు ఎదురై, మీరు చూచితిరా యని అడిగినాడు. ఒంటెకు ఒక కన్ను లేదుగదా యని ఒకడు, ఒక పన్ను ఊడినది గదా యని ఒకడు, ఒక కాలు కుంటిది గదా యని ఒకడు పలికినారు. దానిపై ఒకవైపు వెన్న, మరొకవైపు తేనె ఉన్నవనిరి. దానిపై గర్భిణి యగు స్త్రీ ఉన్నదనిరి. ఇన్ని గుర్తులు చెప్పినవారు ఒంటెను చూడలేదనగా నమ్మువారెవరు? దొంగలని పట్టి చెరసాలలో వేసినారు. తరువాత ఒంటె వేరొకనికి దొరకినది. రాకుమారులు విడుదలయి, తాము ఎట్లు చెప్పగలిగినారో వివరించినారు. దారికి ఒకవైపు గడ్డియే మేయబడియున్నది. నమలి విడిచిన గడ్డిలో పంటి యంత ముద్దలు పడియున్నవి. ఒక పాదము ఈడ్చిన జాడ యున్నది. దారికి ఒక ప్రక్కన చీమలు, మరొక ప్రక్కన ఈగలు మూగియున్నవి. ఒంటె మోకరిల్లిన చోట స్త్రీ పాదముద్రయు, లేచునప్పుడు రెండు చేతులు నేలకు ఊనిన గుర్తులును ఉన్నవి.

ఈ కథను అదృష్టకథ యనుటకు ఆధారము ఎక్కడ? రాకుమారులకు ఒంటె దొరకలేదు. దొరకినది చెరసాల. వారి సంపద అంతయు చూపులోనే యున్నది. ఆ దారిన ఎందరు పోలేదు? గడ్డి, చీమలు, ఈగలు అందరి కన్నులయెదుటను ఉన్నవి. వారికి ఒంటెతో పనిలేదు. ఆ గుర్తులు ఒకనాడు అక్కరకు వచ్చునని వారెరుగరు. ఊరక చూచినారు; చూచినదానిని ఊరక విడువలేదు. ఇక చక్రవర్తి తీర్పు ఆలోచింపదగినది. చూడక చెప్పగలుగుట ఆయనకు అసాధ్యముగా తోచినది. కనుక దొంగతనము అన్నాడు. ఇతరుల చూపును అర్థము చేసికొనలేనివారు రెండు మాటలలో ఒకటి అందురు: దొంగిలించినాడు, లేదా అదృష్టవంతుడు. మొదటి మాట నిందయు, రెండవది మెప్పును వలె కనబడును. రెండును చూచినవాని శ్రమను కాదనునవే.

ఈ కథ వెనిసు నగరమున 1557లో ఇటాలియను భాషలో అచ్చయినది. పారసీకము నుండి తెచ్చినవాడు క్రిస్తోఫరో అర్మేనో అని ఆ పుస్తకము చెప్పును. అటుపై ఫ్రెంచిలోనికి 1719లోను, అందుండి ఆంగ్లములోనికి 1722లోను పోయినది. ఇటాలియను పుస్తకమునకు వెనుక నున్నది ఢిల్లీ. అమీర్ ఖుస్రో పదునాలుగవ శతాబ్దారంభమున రచించిన ‘హష్త్ బిహిష్త్’ అను పారసీక కావ్యములో బహ్రాము రాజునకు నల్లని మేడలో నున్న హిందూ రాకుమారి చెప్పు కథయే ఇది. పారసీక కవి నిజామీ ‘హఫ్త్ పైకర్’లో ఏడు మేడల కట్టడమును నిలిపినాడు, ఖుస్రో ఆ కట్టడములో ఈ కథను నింపినాడు. వాల్పోలు పిల్లకథ యనుకొన్నది ఢిల్లీ సుల్తానుల నాటి మహాకవి చేతిమీదుగా నడచివచ్చిన కథ.

అంతకంటె పూర్వమును కలదు. యూదుల తాల్ముదులో బందీలైన ఇద్దరు మనుష్యులు ముందుపోవు ఒంటె ఒంటికన్నుదనియు, అది ఒకవైపు ద్రాక్షారసము, ఒకవైపు నూనె మోయుచున్నదనియు చెప్పుదురు. జైనుల నందీసూత్ర వ్యాఖ్యలలో ఇద్దరు శిష్యులు అడుగుజాడను బట్టి, పోయినది ఆడుఏనుగు అనియు, దానికి ఒక కన్ను లేదనియు, దానిపై గర్భిణి యగు రాణి యున్నదనియు ఊహింతురు. గురుశుశ్రూషవలన, శిక్షణమువలన కలుగు ‘వైనయికీ’ బుద్ధికి ఆ కథ ఉదాహరణము. తమిళుల అలకేశకథలో నలుగురు యువకులు పోయిన ఒంటె గుర్తులు చెప్పి, రాజు మెప్పుపొంది మంత్రులగుదురు. దేశము మారినను, జంతువు మారినను, రెండు సంగతులు మారలేదు: జంతువునకు ఒక కన్ను లేదు, చూచువానికి రెండు కన్నులును ఉన్నవి. జైన వ్యాఖ్యాతలు ఈ కథను దైవము క్రిందగాక బుద్ధిభేదము క్రింద ఉంచుట గమనింపదగినది.

ఐరోపాలో ఈ కథ రెండుగా చీలినది. వోల్తేరు తన ‘జదీగ్’లో ఒంటెను విడిచి, రాణిగారి కుక్కను, రాజుగారి గుర్రమును తెచ్చినాడు. గుర్తులు చెప్పినందుకు జదీగునకు కూడ శిక్ష తప్పలేదు. 1880లో శాస్త్రజ్ఞుడు హక్స్‌లీ జదీగు పద్ధతిని గూర్చి ఉపన్యసించి, భూగర్భశాస్త్రము, శిలాజముల శాస్త్రము ఆ పద్ధతి మీదనే నిలిచినవని నిరూపించినాడు. జాడ నుండి జంతువును ఊహించుట శాస్త్రమైనది. అపరాధపరిశోధక కథలును ఈ కొమ్మకు కాచినవే. వాల్పోలు చేసిన మాట రెండవ కొమ్మ. కథలోని బుద్ధికి ఆయన ఆకస్మికతను జోడించినాడు. కథకు అది పూర్తిగా సరిపడదు గాని, మాటకు మేలే చేసినది. ఏలయనగా, చూపు ఉన్నను చూడవలసినది ఎదుట పడవలె. ఎదుట పడినను చూపు ఉండవలె.

ద్వీపము పేరు గూర్చి ఒక్క మాట. సంస్కృతమున సింహళద్వీపము. నాలుగవ శతాబ్దపు రోమను చరిత్రకారుడు అమ్మియానుస్ జూలియను చక్రవర్తి కడకు రాయబారులను పంపిన దేశములలో ‘సెరెండివి’ని పేర్కొన్నాడు. ఆరవ శతాబ్దమున కాస్మాస్ ‘సీలెదీబ’ అన్నాడు. అరబ్బు నావికుల నోట అది ‘సరందీబ్’ అయినది. ఆ పేరు పుట్టిన దీవి 1972లో శ్రీలంక అని నామకరణము చేసికొన్నది. తన పాత పేరు ఒకటి పరభాషలో వెదకని మేలునకు సంకేతమగునని ఆ దీవివారు ఊహించి యుండరు.

వాల్పోలు మాట పుట్టినంతనే నడవలేదు. ఆ లేఖ అచ్చయినది 1833లో. అటుపై 1875లో ‘నోట్స్ అండ్ క్వెరీస్’ అను పత్రికలో ఎడ్వర్డ్ సాలీ దానిని గూర్చి వ్రాయగా పుస్తకప్రియులు చేపట్టినారు. పాతపుస్తకముల అంగడిలో ఒకదానికై పోయి మరొకదానితో తిరిగివచ్చువారికి ఆ మాట కావలసి వచ్చినది. ఇరువదవ శతాబ్దమున శాస్త్రజ్ఞులు తీసికొన్నారు. హార్వర్డు శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1945లో ప్రకటించిన గ్రంథమున దానికి ఒక అధ్యాయమునే కేటాయించినాడు. సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్, ఎలినార్ బార్బర్ కలిసి ఈ ఒక్క మాట చరిత్రను 1958 నాటికే ఒక పెద్ద గ్రంథముగా వ్రాసి పెట్టెలో ఉంచినారు. అది ఇటాలియనులో 2002లోను, ఆంగ్లములో 2004లోను వెలువడినది. ఇంతలో మాట జనులలోనికి వచ్చినది. 2001లో అదే పేరుతో అమెరికాలో ఒక ప్రేమకథాచిత్రము వెలువడినది. అంగళ్ళకు, ఓడలకు, అలంకారవస్తువులకు ఆ పేరు పెట్టినారు. వ్యాప్తి పెరిగినకొలది అర్థము పలుచనైనది. మూడంగములలో మొదట రాలిపోయినది సూక్ష్మబుద్ధి. మిగిలినది చక్కని ధ్వనిగల ‘లక్’.

శాస్త్రజ్ఞులు ఆ మాటను ఎందుకు పట్టుకొన్నారో తెలిసికొనుటకు పెనిసిలిన్ కథ చాలును. 1928లో లండను సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ సూక్ష్మజీవులను పెంచిన పళ్ళెములో బూజు పట్టినది. బూజు చుట్టును సూక్ష్మజీవులు కరగిపోయినవి. బూజు పట్టుట ఆకస్మికము. అట్టి పళ్ళెము పాడైనదని కడిగివేయుట లోకాచారము. ఫ్లెమింగ్ కడిగివేయక నిలిచి చూచినాడు. అంతకు ఆరేడు సంవత్సరముల క్రితమే ఆయన కన్నీటిలోను, చీమిడిలోను సూక్ష్మజీవులను కరగించు ‘లైసోజైమ్’ను కనుగొనియుండెను. కరగుట అను దృశ్యమునకు ఆయన కన్ను అలవాటుపడి యున్నది. ఆ పైన ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చైన్ ప్రభృతులు ఏండ్ల తరబడి శ్రమించిన గాని ఆ బూజు మందు కాలేదు. 1945లో నోబెల్ బహుమానము ముగ్గురికి కలిసి వచ్చినది. పరిశీలన రంగమున ఆకస్మికత సిద్ధముగా నున్న మనస్సునకే తోడ్పడునని పాశ్చరు 1854లోనే చెప్పియుండెను. అది వాల్పోలు లక్షణమునకు శాస్త్రజ్ఞుని వ్యాఖ్య.

ఇక తెలుగు సంగతి. ‘అదృష్టము’ అను మాటకు అక్షరార్థము చూడబడనిది. కణాదుని వైశేషిక సూత్రములలో సూది అయస్కాంతము వైపు కదలుటకు, మంట పైకి లేచుటకు, గాలి అడ్డముగా వీచుటకు, అణువుల తొలి కదలికకు కారణము అదృష్టము. కారణమున్నది గాని కంటికి కానరాదు అని తాత్పర్యము. తరువాతివారు పూర్వకర్మఫలమును ఆ పేరుతో పిలిచినారు. తెలుగువారి వాడుకలో అది మేలు చేయు విధిగా మారినది. ‘భాగ్యము’, ఉర్దూ నుండి వచ్చిన ‘నసీబు’, ‘కిస్మత్తు’ - ఇవి మూడును పాలు, పంపకము అను అర్థము నుండి వచ్చినవే. ఎవని పాలు వానికి ముందే పంచబడి యున్నదని భావము. అదృష్టవంతుని చెరుపువాడును, భ్రష్టుని బాగుచేయువాడును లేడను సామెత ఈ భావమునే చెప్పును. కనుక అదృష్టము మనుష్యునికి చెందిన సొత్తు. సెరెండిపిటీ మనుష్యుడు చేయు పని. ఒకటి కన్నునకు కానరానిది. రెండవది కన్ను లేనిదే జరుగనిది. ఒకదానికి మరియొకదానిని పర్యాయముగా నిలుపుట, వెలుగునకు చీకటిని పర్యాయముగా చెప్పినట్లే యగును.

సంస్కృత న్యాయములను ఆశ్రయింపవచ్చునా? కాకి వ్రాలుటయు, తాటిపండు పడుటయు ఒకేసారి జరిగినచో కాకతాళీయము. ఇందులో ఆకస్మికత సంపూర్ణముగా ఉన్నది. బుద్ధి ఇసుమంతయు లేదు. గ్రుడ్డివాని చేతికి పిచ్చుక చిక్కుట అంధచటక న్యాయము; ఇందులో కన్ను లేకుండుటయే ముఖ్యము. ఘుణాక్షర న్యాయము మరింత ఆసక్తికరము. పురుగు కఱ్ఱను తొలుచుచు పోగా అక్షరమువంటి రూపము ఏర్పడును. పురుగునకు అక్షరము తెలియదు. న్యాయము ఇంతవరకే చెప్పి ఊరకుండును. కాని ఆ గీతను అక్షరమని గుర్తించినవాడు ఒకడున్నాడు గదా? వాడు అక్షరాస్యుడు కాకున్నచో ఆ న్యాయమే పుట్టదు. పురుగు పని ఆకస్మికము. చదివినవాని పని సెరెండిపిటీ. ఘుణాక్షర న్యాయము చెప్పక విడిచిన సగమునకు వాల్పోలు పేరు పెట్టినాడనవచ్చును.

తెలుగు సామెతలు మూడు తలపునకు వచ్చును. వెదుకబోయిన తీగ కాలికి తగిలినట్లు అనునది మొదటిది. ఇది ఎంతయు దగ్గరగా కనబడును గాని, వాల్పోలు హెచ్చరికకు ఇక్కడనే చిక్కును. తీగను వెదుకుచునే యున్నారు. పైగా అది తగిలినది కాలికి, కంటికి కాదు. వెళ్ళబోయిన తీర్థము ఎదురైనట్లు అనుటయు ఇట్టిదే. తీర్థయాత్ర సంకల్పము ముందే యున్నది. రొట్టె విరిగి నేతిలో పడినట్లు అనునది శుద్ధమైన అదృష్టము. తినువాడు చేసినది ఏమియు లేదు. మూడును చక్కని పలుకుబడులే. మూడును వేరు వేరు అనుభవములకు పేర్లు. ఒకే మాటగా కలిపివేసినచో నష్టపోవునది తెలుగే.

సామెతలలో కానరాని అనుభవము భారతకథలో సంపూర్ణముగా ఉన్నది. నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునకు సారథియై విదర్భకు రథము తోలుచున్నాడు. దారిలో రాజు ఉత్తరీయము జారిపడినది. దానిని తెచ్చుటకు రథము నిలుపుమనగా, అది యోజనము వెనుకబడినదని నలుడు చెప్పినాడు. రాజు తన ప్రజ్ఞ చూపదలచి ఒక తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్క చెప్పినాడు. నలుడు తొందరలో నున్న రాజును నిలిపి, చెట్టు పడగొట్టి లెక్కించినాడు. లెక్క సరిపోయినది. ఆ విద్యకు మారుగా తన అశ్వహృదయమును ఇచ్చి అక్షహృదయమును గ్రహించినాడు. తత్క్షణమే కలి ఆయన శరీరమును విడిచినాడు. నలుడు బయలుదేరినది రథము తోలుటకు. పొందినది జూదపు మర్మము. జారిన ఉత్తరీయము ఆకస్మికము. ఆగి లెక్కించుట బుద్ధి. ఆంధ్రభారతమున నన్నయ తెనిగించిన ఈ కథను చదివినవారికి సెరెండిపిటీ అను పదార్థము కొత్తది కాదు. పదము మాత్రమే కొత్తది. పాచికలవలన రాజ్యము పోగొట్టుకొన్నవాడు పాచికల మర్మము తెలిసిన పిదపనే దానిని తిరిగి గెలిచినాడనుటలో, అదృష్టమును జ్ఞానము జయించునను సూచనయు ఉన్నది.

ఈ విచారము నిఘంటువులకు మాత్రము పరిమితము కాదనుటకు భారతదేశపు సాహిత్యచరిత్రయే సాక్ష్యము. 1909లో తిరువాన్కూరు సంస్థానమునందు తాళపత్రముల అన్వేషణలో నున్న టి. గణపతిశాస్త్రికి పద్మనాభపురము సమీపమున మణలిక్కర మఠములో మలయాళలిపిలో నున్న సంస్కృత రూపకముల ప్రతి లభించినది. ఆ నాటకములపై కర్త పేరు లేదు. వానిలో స్వప్నవాసవదత్తము ఉన్నది; రాజశేఖరుడు భాసుని నాటకముగా పేర్కొన్నది అదియే. నాంది ముగిసిన పిదప సూత్రధారుడు ప్రవేశించుట, ప్రస్తావనకు స్థాపన యని పేరుండుట, బాణుడు భాసుని గూర్చి చెప్పిన మాటతో అవి పొసగుట - ఈ గుర్తులన్నిటిని కూర్చి, కాళిదాసు స్మరించిన భాసుని నాటకములివియే యని శాస్త్రి నిర్ణయించి 1912 నుండి ప్రకటించినాడు. ఆ నిర్ణయమును ఒప్పనివారును కలరు. ఇవి కేరళ నటుల రంగప్రతులని వారి వాదము. వివాదము నడచుటయే ఇందులో బుద్ధివ్యాపారము గలదనుటకు నిదర్శనము. అదృష్టముతో ఎవరును వాదింపరు. గుర్తులు చదివినవానితోనే వాదింతురు.

తెలుగునందును ఇట్టిదే జరిగినది. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవమును వెలుగులోనికి తెచ్చి, కవి నన్నయకు పూర్వుడనగా, కాలనిర్ణయముపై పెద్ద చర్చ చెలరేగినది. తమిళమున ఉ. వే. స్వామినాథయ్యరు 1880లో కుంభకోణమున రామస్వామి ముదలియారు అను మునసబును చూడబోయినాడు. జీవకచింతామణి చదివితిరా యను ఆయన ప్రశ్న అయ్యరు జీవితమును మార్చినది. ప్రశ్న ఎదురగుట ఆకస్మికము. ఆ కావ్యము అర్థము చేసికొనుటకు జైనుల ఇండ్లకు పోయి వారి సంప్రదాయము నేర్చి, 1887లో ముద్రించుట ఆకస్మికము కాదు. ఒక సాయంకాలపు సంభాషణకు ఏడు సంవత్సరముల చదువు తోడైనది.

ఇక్కడనే ఒక్క మాట అనువాదము వలన కలుగు లాభనష్టములు తేటపడును. ఇట్టివానిని అదృష్టము లనుకొన్నచో, వానికై చేయవలసినది ఏమియు ఉండదు. రావలసిన నాడు వచ్చును. ఆకస్మికత, బుద్ధి రెండును కావలె ననుకొన్నచో రెండు కర్తవ్యములు ఏర్పడును. ఎదుట పడుటకు వస్తువు నిలిచియుండవలె. కనుక తంజావూరు సరస్వతీమహలు, మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకాలయము వంటివానిని చెదలు తినకుండ కాపాడవలె. పడినదానిని గుర్తించుటకు కన్ను తయారగవలె. కనుక పాతలిపులు, ఛందస్సు, వ్యాకరణము చదివినవారు ప్రతి తరమునను ఉండవలె. తాళపత్రము మిగిలి, దానిని చదువువాడు మిగులనిచో అది పురుగు గీసిన గీతయే. చదువువాడు మిగిలి, తాళపత్రము మిగులనిచో వాడు ఒంటె పోని దారిన నడచిన రాకుమారుడు.

ఇట్టి అర్థమునకు తెలుగున మాట కావలెనన్నచో ఏది? ‘యాదృచ్ఛికోపలబ్ధి’, ‘అనన్విష్టలాభము’ వంటి సమాసములు కూర్చవచ్చును. అవి పుస్తకములు దాటి రావు. నోటి భాషలోనే ఒక క్రియ ఉన్నది: ‘కంటబడు’. అందులో పడుట యున్నది; అది ‘చాన్స్’ అను మాటలోని పాచిక పడుటకు సమానము. అందులో కన్ను ఉన్నది. అది వాల్పోలు చెప్పిన సూక్ష్మబుద్ధికి ద్వారము. వెదకి చూచినదానిని కంటబడినదని ఎవరును అనరు. మూడంగములలో రెండున్నర ఈ చిన్న క్రియలో ఇమిడియున్నవి. లోపించిన అర ఏదనగా, కంటబడినది ఎల్ల మేలే కానక్కరలేదు. కంటబడినను పోల్చుకొననివారు కలరు. ఆ అరకును తెలుగున మాట ఉన్నది, అది ‘పోల్చుకొనుట’. కంటబడినదానిని పోల్చుకొనుట అన్నచో వాల్పోలు భావము ఒక్క ముక్కయు జారకుండ వచ్చును.

ఒక పదమునకు ఒక పదమే కావలెనను నియమము అనువాదకునకు లేదు. భావము చెడనిచ్చు ఒక్క మాటకంటె, భావమును నిలుపు రెండు మాటలు మేలు. అదృష్టమును దాని చోటనే ఉండనిచ్చుట మంచిది. రొట్టె విరిగి నేతిలో పడినవారికి ఆ మాట చాలును. దారి ప్రక్కన చీమలను చూచి నిలిచినవారికి, బూజు పట్టిన పళ్ళెమును కడుగక ఆగినవారికి, పేరులేని తాళపత్రమున పేరు చదివినవారికి మాత్రము వారి కన్నులను వారికి విడిచిపెట్టవలె.